ఉమ్మడి వైర్‌లెస్ సెట్టు – తుఫానులు నేర్పిన పాఠం

— రెవెన్యూ శాఖ విశ్రాంత సీనియర్ అసిస్టెంటు

మన సంఘం వారు ప్రత్యేక సంచిక వేస్తున్నామనీ, ఉద్యోగకాలంలో తమకు బాగా పరిచయమైన ఏదైనా ఒక విషయాన్ని వీలైతే దాని పూర్వచరిత్రతో సహా రాయవలసిందనీ సభ్యులను కోరారు. పే స్కేళ్ళ గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ సాధికారంగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాడిని. సర్వీసులో ఎక్కువ భాగం కోస్తా తాలూకాలలోనే గడిచింది. కాబట్టి తుఫాను కంట్రోల్ రూములో బల్లమీద కూర్చుని రాత్రంతా గరగరలాడే వైర్‌లెస్ సెట్టు గురించి నాలుగు మాటలు రాయ సంకల్పించాను.

వైర్‌లెస్ అంటే పోలీసువారి వ్యవహారం, మనకెందుకని కొందరు అనుకోవచ్చు. నేను చెప్పబోయేది కేవలం పోలీసు సెట్టు గురించి కాదు. ఒక ప్రాంతం మీద ఆపద విరుచుకుపడినప్పుడు పోలీసు, రెవెన్యూ, అగ్నిమాపక, నీటిపారుదల, విద్యుత్తు, వైద్య శాఖల సిబ్బంది అందరూ ఒకే గట్టు మీద, ఒకే రోడ్డు మీద పనిచేయాలి. అప్పుడు వారందరూ కలిసి వాడుకోవడానికి చేతపట్టుకుని పోగల రేడియో సెట్లు కావాలి. ఉమ్మడి సొత్తన్నమాట. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్ళు సామెత చెబుతారు. ఎవరిదో ఒకరిదైతే గడ్డి వేస్తారు, అందరిదీ అయితే ఎవరూ వేయరు. ఈ సామెతలో ఎంత నిజమున్నదో, దానిని అబద్ధం చేయడానికి ఏమి కావాలో నేను చూసినంతవరకు మనవి చేసుకుంటాను.

ఓడల నాటి తగవు

వైర్‌లెస్ పుట్టిన కొద్ది కాలానికే ఈ ఉమ్మడి తగవు కూడా పుట్టింది. 1902లో జర్మనీ చక్రవర్తి తమ్ముడు హెన్రీ యువరాజు అమెరికా పర్యటన ముగించుకుని ఓడలో తిరిగి వెళుతూ, అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టుకు కృతజ్ఞతగా ఒక సందేశం పంపబోయాడు. ఆ ఓడలో ఉన్న యంత్రం జర్మనీలో తయారైనది. ఒడ్డున ఉన్న కేంద్రాలు మార్కోనీ కంపెనీవి. మా యంత్రం కానిదే మేము సందేశం పుచ్చుకోమని వారు నిరాకరించారు. రాజకుమారుడి మర్యాదకే దిక్కు లేకపోతే మునిగిపోయే నావికుడి మొర వినేదెవరు? ఈ ప్రశ్న మీదనే 1903లో బెర్లిన్ నగరంలో కొన్ని దేశాలు సమావేశమైనవి. 1906లో అక్కడే కుదిరిన ఒడంబడిక ప్రకారం, ఏ కంపెనీ యంత్రమైనా సరే, తీర కేంద్రాలు ఓడల సందేశాలను అందుకుని తీరాలని నిర్ణయమైంది. ఎస్.ఓ.ఎస్. అనే ఆపద సంకేతం అన్ని దేశాలకూ ఉమ్మడి సంకేతమైనదీ ఆ ఒడంబడికతోనే.

యంత్రాలు కలిసినంత మాత్రాన సరిపోదని 1912లో తేలింది. ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొన్నప్పుడు, సహాయానికి రాగల దూరంలో కాలిఫోర్నియన్ అనే ఓడ ఆగి ఉన్నది. ఆ ఓడలో వైర్‌లెస్ ఉన్నది. కానీ దానికి ఒక్కడే ఆపరేటరు. పగలంతా పనిచేసి, ప్రమాదానికి కొద్ది నిమిషాల ముందే సెట్టు కట్టేసి పడుకున్నాడు. సుమారు 1,500 మంది జలసమాధి అయ్యారు. ఆ తరువాత 1914లో, పెద్ద ప్రయాణికుల ఓడలలో ఇరవైనాలుగు గంటలూ ఎవరో ఒకరు చెవి ఒగ్గి కూర్చోవాలని అంతర్జాతీయ నియమం పెట్టారు. మన భాషలో చెప్పాలంటే, సెట్టు మంజూరు చేస్తే చాలదు, షిఫ్టు డ్యూటీలు కూడా వేయాలి.

చేతికి అందిన సెట్టు

నేల మీద చూస్తే, 1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసు కార్లలో రేడియో పెట్టారు. అయితే అది వినడానికి మాత్రమే. కేంద్రం చెప్పినది కారులో వినపడేది, తిరిగి జవాబు చెప్పే మార్గం లేదు. 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయోన్ పట్టణంలో రెండు వైపులా మాట్లాడే ఏర్పాటు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మోటరోలా కంపెనీవారు సైనికుల కోసం వీపున మోసే సెట్టు తయారుచేశారు. దాని బరువు దాదాపు 16 కిలోలు. వాకీటాకీ అనే మాట ఆ రోజులలోనే జనం నోళ్ళలో నానింది.

మన దేశంలో 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. మన ఇళ్ళలోని రేడియోకు కూడా పోస్టాఫీసుకు వెళ్ళి ఏటేటా లైసెన్సు రుసుము కట్టి పుస్తకంలో బిళ్ళలు అంటించుకున్న రోజులు మన వయసువారికి గుర్తుండే ఉంటాయి. ఆ లైసెన్సు పద్ధతి 1980లలో పోయింది. ఆ పాత చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. ఇక రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్ వ్యవస్థలను సమన్వయం చేయడానికి కేంద్ర హోంశాఖ కింద 1946లోనే ఒక విభాగం ఏర్పడింది. ఈ విధంగా మన దేశంలో వైర్‌లెస్ మొదటినుంచీ పోలీసువారి చేతిలో ఎదిగింది. పల్లెలో తుఫాను పనులు చూసేది మాత్రం రెవెన్యూ వారు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ ఎంత లోతైనదో దివిసీమలో తెలిసింది.

దివిసీమ, 1977

కృష్ణా తీరానికి ఉప్పెనలు కొత్త కాదు. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్ఫై వేలమంది పోయారని పాత లెక్కలు చెబుతున్నవి. అదే ఏడు కలకత్తాను కూడా పెద్ద తుఫాను కొట్టింది. దాని దరిమిలా, రెండు కరువుల తరువాత, 1875లో మన వాతావరణ శాఖ ఏర్పడింది. అంటే హెచ్చరిక చెప్పే శాఖకు 1977 నాటికి నూరేళ్ళు దాటినవి.

1977 నవంబరు 19 శనివారం నాడు తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దానికి కుడిపక్కన ఉన్న దివి తాలూకా మీదికి సముద్రం దాదాపు మూడు నిలువుల ఎత్తున లేచి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, నాచుగుంట వంటి ఊళ్ళ పేర్లు ఆ తరువాత దేశమంతా విన్నది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు సుమారు పదివేలమంది. అవనిగడ్డలో వారి స్మారక స్థూపం ఉన్నది.

ఆ రోజులలో నేను పొరుగు తాలూకాలో ఎల్.డి.సి.ని. మాకు తెలిసిన సాధనాలు రెండే, టెలిఫోనూ, తంతి. రెండూ స్తంభాల మీద సాగే తీగలే. గాలికి స్తంభాలు ఒరిగిపోయినవి, చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయినవి. దివిసీమలో ఏమి జరిగిందో జిల్లా కేంద్రానికీ, అక్కడినుంచి బయటి లోకానికీ పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. సహాయానికి వెళ్ళవలసినవారికి ఏ ఊరికి దారి ఉన్నదో, ఏ ఊరు ఇంకా ఉన్నదో చెప్పేవారు లేరు. చెట్ల కొమ్మలు పట్టుకుని బతికి బయటపడినవారిలో ఎందరు మంచినీళ్ళు లేక, గాయాలకు మందు లేక తరువాత రెండు రోజులలో పోయారో ఎవరూ లెక్క కట్టలేదు. నడిచి వచ్చిన మనుషులే మాకు వార్తాహరులు. ఒంటిమీద తడిబట్టతో వచ్చి తాలూకా కచేరీ మెట్ల మీద కూలబడి ఊరి పేరు చెప్పి ఏడ్చిన ముసలాయనను నేను మరచిపోలేదు. ఆయన ఇరవై మైళ్ళు నడిచి మోసుకొచ్చిన కబురు, ఒక చిన్న సెట్టు ఉంటే నిమిషంలో వచ్చి ఉండేది.

చెప్పడం ఒకటి, వినడం మరొకటి

దివిసీమ తరువాత ప్రభుత్వాలు కళ్ళు తెరిచినవి. తీరం పొడుగునా తుఫాను రక్షిత భవనాలు కట్టారు. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఎగిరిన తరువాత, తీరప్రాంతపు కార్యాలయాలలో ఉపగ్రహం ద్వారా తుఫాను హెచ్చరిక అందుకునే పెట్టెలు పెట్టారు. అది ముందు సైరను మోగించి, తరువాత మన భాషలోనే హెచ్చరిక వినిపించేది. స్తంభాలతో, తీగలతో పనిలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి, కార్యాలయం ప్రజలకు మరికొంత దగ్గరైంది.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర మళ్ళీ పెద్ద తుఫాను తీరం దాటింది. ఈసారి ముందుగానే లక్షన్నరమందికి పైగా జనాన్ని ఎత్తైన చోట్లకు తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపుననే ఆగింది. అది కూడా తక్కువ సంఖ్య కాదు, ప్రతి ప్రాణం ఒక ఇంటి దీపమే. కానీ 1977తో పోల్చి చూస్తే హెచ్చరిక విలువ ఏపాటిదో తెలుస్తుంది.

అయితే ఆ ఉపగ్రహ పెట్టె కూడా డెట్రాయిట్ కారు రేడియో వంటిదే. అది చెబుతుంది, మనం వినాలి. "మా ఊరి కట్ట తెగింది, పడవ పంపండి" అని తిరిగి చెప్పడానికి అందులో వీలు లేదు. ఆ పని చేతి సెట్టుది.

1990లో నేను ఒక డివిజను కేంద్రంలో కంట్రోల్ రూము డ్యూటీలో ఉన్నాను. ఊరి పేరు అనవసరం. ఆ ఆవరణలో మూడు వైర్‌లెస్ సెట్లు ఉండేవి. పోలీసు సెట్టు ఒక గదిలో, కాలవల శాఖ సెట్టు వరండా అవతలి గదిలో, మూడవది జీపులో. మూడింటివీ వేరువేరు ఛానళ్ళు. ఒకరి మాట మరొకరికి వినపడదు. కాలవల శాఖవారికి గట్టు మీదినుంచి కబురు వస్తే వారి గుమాస్తా చీటీ రాస్తాడు. అటెండరు ఆ చీటీ పట్టుకుని వానలో వరండా దాటి మా గదికి వస్తాడు. నేను దానిని రిజిస్టరులో ఎక్కించి పోలీసు ఆపరేటరుకు ఇస్తాను. ఆయన స్టేషనుకు చెబుతాడు. స్టేషనునుంచి ఒక కానిస్టేబులు సైకిలు మీద ఆ ఊరికి వెళతాడు. అర్ధరాత్రి దాటిన తరువాత మా అటెండరు తడిసి ముద్దయి వచ్చి, "గుమాస్తాగారూ, ఇన్ని వైర్‌లెస్సులు ఉండగా నా కాళ్ళతో పనేమిటండీ?" అని అడిగాడు. నవ్వాము గానీ, అంతకంటే సూటిగా ఆ విషయాన్ని ఎవరూ చెప్పలేదు. వైర్‌లెస్సుకూ వైర్‌లెస్సుకూ మధ్య మనిషి కాళ్ళు!

రికవరీ భయం

మరి ఒక శాఖ సెట్టు ఇంకొక శాఖ మనిషి చేతిలో పెట్టవచ్చు కదా అని ఇంట్లో పిల్లలు అడిగితే తేలికగా ఉంటుంది. మన సర్వీసు తెలిసినవారికి ఆ కష్టం చెప్పనక్కరలేదు. సెట్టు స్టాకు రిజిస్టరులో ఒక ఉద్యోగి పేర ఉంటుంది. అది పోతే, విరిగితే, తడిసి చెడితే జీతంలోనుంచి రికవరీ. ఆడిట్ వారు వచ్చి, "మీ శాఖ సొత్తును వేరే శాఖవారికి ఏ ఉత్తర్వు ప్రకారం ఇచ్చారు?" అని అడిగితే జవాబు లేదు. అందుచేత తెలివైన ఉద్యోగి సెట్టును బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అలా తాళం వేసిన ఒక బీరువాను, తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉండగా, తుఫాను రోజంతా చూస్తూ కూర్చున్న కార్యాలయం నాకు తెలుసు. లోపల నాలుగు సెట్లు కొత్తవి, ప్లాస్టిక్ తొడుగు కూడా తీయనివి. ఆ ఉద్యోగిని నేను తప్పు పట్టలేను. అతనికి ముగ్గురు ఆడపిల్లలు, చిన్న జీతం. అతనిని భయపెట్టింది గాలివాన కాదు, రికవరీ మెమో.

కొన్నేళ్ళ తరువాత నేను పనిచేసిన మరో డివిజనులో ఒక అధికారి ఈ ముడి విప్పిన తీరు చెబుతాను. ఆయన తుఫాను కాలానికి ముందే అన్ని శాఖలవారిని పిలిచి, పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వకుండా, "ఏమయ్యా, సెట్టు పోతే ఎవడి జీతం కోస్తారనేగా మీ బాధ?" అని అడిగారు. అందరూ తలలు ఊపారు. ఆ సాయంత్రమే నాచేత ఒక పేజీ ప్రొసీడింగ్సు టైపు చేయించారు. తుఫాను హెచ్చరిక రాగానే అన్ని శాఖల చేతి సెట్లూ కంట్రోల్ రూముకు చేరాలి. అక్కడ ఒకే రిజిస్టరు. ఎవరు తీసుకుంటే వారి సంతకం. నష్టం జరిగితే సహాయ నిధి పద్దులో వేసుకోవాలి, సంతకం చేసిన ఉద్యోగి జీతం ముట్టకూడదు. పోలీసువారితో మాట్లాడి ఒక ఛానలు అందరికీ ఉమ్మడిగా కేటాయించారు.

ఆ ఏడు వచ్చిన వానలో, మురుగుకాలువ గట్టు మీద కాపలా ఉన్న ఒక లస్కరు చేతిలో పోలీసు సెట్టు ఉన్నది. తెల్లవారుజామున గట్టు జారుతున్నదని అతను నేరుగా చెప్పాడు. ఆ మాట అదే క్షణంలో అటు పోలీసువారూ, ఇటు మేమూ, పక్క ఊరి బడిలో ఉన్న మా రెవెన్యూ ఇన్‌స్పెక్టరూ విన్నారు. చీటీ లేదు, వరండా లేదు. గట్టు తెగేటప్పటికి దిగువ పేటలోని జనం బడి మేడ మీద ఉన్నారు. గొడ్లు కొన్ని పోయినవి. మనుషులు పోలేదు. ఆ సెట్టు మాత్రం నీళ్ళలో పడి చెడిపోయింది. ప్రొసీడింగ్సు ప్రకారం పద్దు వేశాము, లస్కరుకు ఒక్క పైసా కోత పడలేదు. ఆ ఫైలు మూసిన రోజు నా సర్వీసులో తృప్తిగా ఇంటికి వెళ్ళిన రోజులలో ఒకటి.

ఇతర దేశాలవారు చేసినది

మేము ఒక్క డివిజనులో చేసుకున్న ఏర్పాటును కొన్ని దేశాలు పెద్ద ఎత్తున చేసినవి. అమెరికా పశ్చిమ ప్రాంతాలలో అడవులు తగలబడడం ఏటేటా జరిగేదే. 1965లో ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలో పలు శాఖలవారు కలిసి ఒక ఉమ్మడి అగ్ని నివారణ కేంద్రం పెట్టుకున్నారు. అక్కడ వేలకొద్దీ చేతి రేడియోలు పెట్టెలలో సర్ది సిద్ధంగా ఉంటాయి. ఎక్కడ అడవి అంటుకుంటే అక్కడికి పెట్టెలు వెళతాయి, ఏ శాఖ మనిషికైనా ఇస్తారు, పని అయ్యాక తిరిగి వస్తాయి. వాటిని శుభ్రం చేసి, పరీక్షించి, బాటరీలు మార్చి మళ్ళీ సర్దుతారు. 1970లో దక్షిణ కాలిఫోర్నియాలో 13 రోజులు మంటలు చెలరేగి 16 మంది చనిపోయినప్పుడు, వేరువేరు దళాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోయిన సంగతి బయటపడింది. ఆ తరువాతనే అక్కడ అన్ని దళాలకూ ఒకే ఆజ్ఞా పద్ధతి, ఒకే పరిభాష ఉండాలని ఏర్పాటు మొదలైంది.

అయినా పాఠం అందరూ నేర్చుకోలేదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలినప్పుడు, పైన ఎగురుతున్న పోలీసు హెలికాప్టరువారు భవనం నిలిచేట్టు లేదని తమ రేడియోలో చెప్పారు. లోపలి మెట్ల మీద ఉన్న అగ్నిమాపక దళంవారి రేడియో వేరు. ఆ మాట వారికి చేరలేదు. ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ ఘటన తరువాత అమెరికాలో పలు ప్రాంతాలవారు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి వాడుకునే రేడియోల నిల్వలు పెట్టుకున్నారు. అక్కడ ఉన్న మన పిల్లలు ఎప్పుడైనా అగ్నిమాపక కేంద్రం చూడటానికి వెళితే, బోర్డు మీద వరుసగా తగిలించి ఉన్న చార్జర్లను చూసే ఉంటారు.

హామ్ మిత్రుల సేవ

ప్రభుత్వ శాఖలతో సంబంధం లేకుండా, కేవలం ఇష్టం కొద్దీ వైర్‌లెస్ నేర్చుకున్నవారిని హామ్‌లు అంటారు. వీరికి ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. 1999 అక్టోబరు 29న ఒరిస్సాను మహా తుఫాను కొట్టి దాదాపు పదివేలమంది చనిపోయినప్పుడు, ఆ రాష్ట్ర రాజధానికే బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. అప్పుడు ఇతర రాష్ట్రాలనుంచి హామ్‌లు తమ సొంత సెట్లు మోసుకుని వెళ్ళి కబుర్లు అందించారు.

2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ గారు అండమాన్‌కు వెళ్ళారు. ఆ దీవులలో చాలా ఏళ్ళుగా హామ్ కేంద్రం లేదు. ప్రపంచంలోని తోటి హామ్‌లతో మాట్లాడటం ఆ యాత్ర ఉద్దేశం. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. టెలిఫోనులు ఆగిపోయిన ఆ సమయంలో, సరదా కోసం తెచ్చిన ఆ సెట్లే పోర్ట్‌బ్లెయిర్‌నుంచి ప్రధాన భూభాగానికి క్షేమసమాచారాలు చేర్చినవి. తన సొంత సెట్టును ఆ క్షణంలో అందరి సెట్టుగా మార్చిన ఆమె సేవను మనం గుర్తుపెట్టుకోవాలి.

సెల్‌ఫోను ఉండగా ఇదెందుకు?

ఈ ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. మా మనవడికి నేను చెప్పిన జవాబే ఇక్కడ రాస్తాను. సెల్‌ఫోను ఎదురింటివారితో మాట్లాడాలన్నా టవరుకు వెళ్ళి రావలసిందే. టవరుకు కరెంటు కావాలి, లేదా బాటరీ, జనరేటరు, దానికి డీజిలు కావాలి. అందరూ ఒక్కసారి ఫోను చేస్తే దారి కిక్కిరిసిపోతుంది. చేతి వైర్‌లెస్ సెట్టు అలా కాదు. దాని శక్తి సుమారు 5 వాట్లు. ఎత్తైన చోట రిపీటరు అనే పెట్టె ఉంటే దూరం పోతుంది. ఆ రిపీటరు కూలినా, ఒక సెట్టునుంచి మరో సెట్టుకు నేరుగా కొద్ది కిలోమీటర్ల వరకు మాట వెళుతుంది. పైగా ఒకరు చెబితే ఆ ఛానలులో ఉన్న అందరూ వింటారు. ఫోను ఇద్దరి మధ్య సంభాషణ, వైర్‌లెస్ రచ్చబండ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు ఈ తేడా మహానగరానికే తెలిసింది. కరెంటు పోయింది, విమానాశ్రయం దెబ్బతిన్నది, చేతిలో ఫోనులుండి కూడా జనం బంధువుల క్షేమం తెలుసుకోలేక అల్లాడారు. మన నలుగురూ ఎరిగిన తంతి సేవ అంతకు ఏడాది ముందు, 2013 జూలైలోనే మూతబడింది. 2023లో ప్రభుత్వంవారు సెల్‌ఫోనులన్నీ ఒక్కసారిగా మోగేటట్లు ప్రయోగాత్మకంగా ఆపద హెచ్చరికలు పంపారు. మంచి ఏర్పాటే. కానీ అది కూడా చెప్పేదే గానీ వినేది కాదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్పలవంటి ఊళ్ళనుంచి సముద్రం మీదికి వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. పడవలో ఉన్నవాడికి వినే సాధనమూ, మేము ఇక్కడ ఉన్నామని చెప్పే సాధనమూ రెండూ ఉండాలి.

గొడ్డుకు గడ్డి వేసేదెవరు?

ఇక మొదట చెప్పిన సామెత దగ్గరకు వస్తాను. ఉమ్మడి సెట్లు కొనడం కష్టం కాదు. తుఫాను వచ్చిన ఏడు నిధులు వస్తాయి, సెట్లు వస్తాయి. అయిదేళ్ళు తుఫాను రాకపోతే వాటి గతి ఏమిటి? బాటరీని చార్జి చేయకుండా పడేస్తే చచ్చిపోతుంది. ఒక కంపెనీ బాటరీ మరో కంపెనీ సెట్టుకు పట్టదు. కొత్త డిజిటల్ సెట్టు మాట పాత సెట్టుకు అర్థం కాదు. ఛానళ్ళు ఎక్కించిన మనిషి బదిలీ అయిపోతాడు. అందుకని నా అనుభవంలో ఉమ్మడి సెట్టు బతకడానికి కావలసినవి ఇవి. బాధ్యుడు ఒక్కడే ఉండాలి, అతని పేరు గోడమీద రాసి ఉండాలి. ప్రతి సెట్టుకూ పెయింటుతో నంబరు వేయాలి. నెలకొకసారి, ఫలానా తేదీ అని నిర్ణయించి, అన్ని సెట్లలో మాట్లాడి చూసి రిజిస్టరులో సంతకం చేయాలి. శాఖకొక సంకేతభాష కాకుండా పచ్చి తెలుగులో మాట్లాడాలి. పోయిన సెట్టుకు ఉద్యోగి జీతం కోయరాదన్న ఉత్తర్వు ముందే ఉండాలి. వీటిలో ఒక్కటి కూడా ఇంజనీరు పని కాదు. అన్నీ మనం ముప్ఫై ఏళ్ళు చేసిన గుమాస్తా పనులే.

2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడు జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం ఏర్పడింది. వారికి మంచి శిక్షణ, మంచి సాధనాలు ఉన్నవి. కానీ దళం వచ్చేలోగా మొదటి రాత్రి గట్టు మీద ఉండేది ఆ ఊరి లస్కరు, తలారి, లైన్‌మన్, ఆశా కార్యకర్త. వారి చేతికి సెట్టు అందిందా లేదా అన్నదే లెక్క.

మిత్రులకు రెండు మనవులు. తీరప్రాంతంలో ఉన్న సభ్యులు తమ మండల కార్యాలయానికి జీవన ప్రమాణ పత్రం పనిమీదో మరో పనిమీదో వెళ్ళినప్పుడు, చేతి సెట్లు ఎన్ని ఉన్నవి, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని మర్యాదగా అడగండి. పెద్దవారు అడిగితే రిజిస్టరు దుమ్ము దులుపుతారు. ఇంట్లో పన్నెండేళ్ళు నిండిన మనవలు, మనవరాళ్ళు ఉంటే హామ్ పరీక్ష రాయడానికి వారు అర్హులు, ప్రోత్సహించండి.

కంట్రోల్ రూము డ్యూటీలు చేసిన టైపిస్టులు, అటెండర్లు, డ్రైవర్లు, పోలీసు వైర్‌లెస్ ఆపరేటర్లు మనలో ఇంకా కొందరు ఉన్నారు. వారు పంపిన చీటీలు, రాసిన లాగ్ పుస్తకాలు ఎప్పుడో చెదల పాలైనవి. జ్ఞాపకం ఉన్నంతవరకు తాము చూసినది ఒకటి రెండు పేజీలు రాసి సంఘానికి అందజేస్తే, వచ్చే సంచికలో వేయవలసిందని సంపాదక వర్గంవారిని నా తరఫున కోరుతున్నాను. వచ్చే తుఫానుకు బల్ల దగ్గర కూర్చోబోయే కుర్రవాడికి అవి పనికివస్తాయి.